మీరు వెతుకుతున్న పేజీ

ఫిబ్రవరి 9

మామయ్యకు,

మోకాలి నొప్పి తగ్గిందని అమ్మ చెప్పింది. అలాగని మెట్లు దిగేటప్పుడు పంతానికి పోకు, కమ్మీ పట్టుకో. ఈ మాత్రానికి ఉత్తరమెందుకు, ఫోను లేదా అంటావు. రెండుసార్లు చేశాను. రెండుసార్లూ అత్తే ఎత్తింది. ఆవిడ గొంతు వినగానే అడగాలనుకున్నది నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఎండల గురించి మాట్లాడి పెట్టేశాను.

మా స్టూడియోకి కొత్త పని వచ్చింది. ఇంతకాలం నేను చేసిన వెబ్‌సైట్లు నీకు తెలుసు. చెప్పుల కొట్టు, పళ్ల డాక్టరు, పరుపుల కంపెనీ. పరుపులవాళ్ల సైటు చూసి నిద్రొస్తోందని అమ్మ అంది. అది మెప్పో దెప్పో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. నిజం చెప్పాలంటే కొంతకాలంగా నా చేతిలో పస లేదు. ఏ పేజీ మొదలుపెట్టినా కిందటి పేజీకి రంగు మార్చినట్టే ఉంటోంది. "కొనండి" అన్న మీట ఎక్కడ పెడితే జనం నొక్కుతారన్న దగ్గరే మా తెలివంతా తెల్లారుతోంది.

ఇప్పుడు వచ్చింది అలాంటిది కాదు. కనిపించకుండా పోయిన మనుషుల్ని వెతికే సంస్థ ఒకటుంది, వాళ్లకు సైటు కావాలి. ఇంట్లోవాళ్లు ఫోటో, వివరాలు ఇస్తే ఒక్కొక్కరికీ ఒక పేజీ. ఎక్కడైనా చూసినవాళ్లు కబురు పంపే వీలు. మా మేడమ్ దీన్ని నాకే అప్పగించారు. అప్పటినుంచి తెల్లటి తెర ముందు కూర్చోవడం, లేవడం. గీత పడడంలేదు.

మన ఇంట్లో ఎవరూ ఎత్తని సంగతి ఎత్తుతున్నాను, మామయ్యా. బావ కనిపించకుండా పోయిన మొదటి రోజుల్లో నీకేం అవసరమైంది? ఎవరేం అడిగితే చెప్పలేకపోయావు? చెప్పాలనిపిస్తేనే చెప్పు. లేదంటే ఈ కాగితం చించిపారెయ్యి, నేను అడగలేదనే అనుకుందాం.

నీ మేనకోడలు


ఫిబ్రవరి 20

అమ్మడూ,

చించలేదు. ఎవరి ఉత్తరం అని మీ అత్త అడిగితే నీదే, మోకాలి గురించి అన్నాను. అబద్ధమేం కాదు, మొదటి మాట అదేగా.

నా ఉద్యోగమంతా భూములు కొలవడంతోనే గడిచింది. గట్టు జానెడు జరిగినా కంటితో చూసి చెప్పేవాణ్ని. అలాంటివాణ్ని, పోలీస్ స్టేషన్లో మీ కొడుకు పొడుగెంత అంటే నీళ్లు నమిలాను. "నాకంటే కాస్త ఎక్కువే" అన్నాను. ఆ అధికారి నన్ను పైనుంచి కిందికి చూసి ఏదో అంకె వేసుకున్నాడు. చొక్కా నీలం రంగని నేనూ, బూడిద రంగని మీ అత్తా. అక్కడే, అందరి ముందూ, ఇద్దరం చొక్కా రంగు కోసం పోట్లాడుకున్నాం. పక్క బల్ల దగ్గర ఎవరో తలుపు తాళం పోయిందని ఫిర్యాదు రాయిస్తున్నారు. ఆయన మావైపు జాలిగా చూశాడు.

అందుకని నీకు నేను చెప్పగలిగింది ఇంతే. ఒకసారికి ఒక్కటే అడుగు. పది ప్రశ్నలు ఒక్కచోట కనిపిస్తే తెలిసింది కూడా మరిచిపోతాం. "తెలియదు" అనడానికి చోటుంచు. కన్నవాళ్లమై ఉండి తెలియదనడానికి సిగ్గుపడి నేను తప్పులు చెప్పాను. ఆ తప్పులు పట్టుకుని పాపం వాళ్లు ఎక్కడెక్కడో తిరిగారు.

ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకో. మీ బావను ఆ పేజీల్లోకి తేవద్దు. మీ అత్త లెక్కలో వాడు తప్పిపోలేదు. సైకిలు బాగుచేయించుకొస్తానని వెళ్లాడు, ఎక్కడో ఉన్నాడు, బుద్ధి పుట్టిన రోజున వస్తాడు. ఈ మాట అనుకుంటూనే ఆవిడ ఇన్నేళ్లు నెట్టుకొచ్చింది. అలాంటి చోట వాడి సంగతి చూస్తే తట్టుకోలేదు.

వేళకు తిను. తెర చూసి చూసి కళ్లు పాడుచేసుకోకు.

మామయ్య


మార్చి 15

మామయ్యా,

గీత పడింది!

ఆఫీసుకు వెళ్లే దారిలో బస్టాపు గోడకు "కనబడుటలేదు" అన్న కాగితం ఉంది. రోజూ దాని ముందే నిలబడతాను, ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు బస్సు ఆలస్యమైంది. ఎండకు కాగితం వెలిసిపోయి ముఖం దాదాపు మాయమైంది. జుట్టు ఉంది, కళ్లున్న చోట రెండు మచ్చలున్నాయి. బస్సు వచ్చింది, వెళ్లింది, నేను ఎక్కలేదు. నా సైటు ఇదే అనిపించింది. నడుచుకుంటూ ఆఫీసుకు వెళ్లి, చెప్పులు కూడా విడవకుండా కూర్చున్నాను.

అన్ని ఫోటోలూ పాలిపోయి, రంగు తీసేసినట్టు ఉంటాయి. వెనక పొగమంచు రంగు. చూస్తూ ఉంటే ముఖాలు వెనక్కి వెళ్లిపోతున్నట్టుంటుంది. ఏడాది తర్వాత మొదటిసారి నా చెయ్యి నాకంటే ముందు నడిచింది. సంస్థ నడిపే ఆవిడకు చూపిస్తే కళ్లు తుడుచుకుంది. మా మేడమ్ దీన్ని పోటీకి పంపుదామంటున్నారు. ఆవిడ నోట మెప్పు రావడమంటే కప్ప నోట ముత్యం రాలడమే.

నువ్వు చెప్పినవన్నీ పెట్టాను. ఒకసారికి ఒకే ప్రశ్న. ప్రతి ప్రశ్న కింద "తెలియదు". ఇంకా ఎవరి వివరాలూ రాలేదు గనుక నమూనాకి, ఇంటర్నెట్‌లో అమ్మే ఎవరివో ఫోటోలు కొని వాడాను. లోపల వివరాల పేజీ ఒకటి ఉత్తుత్తి మనిషితో నింపాను. పేరు రాయలేదు, ముఖం చోట ఖాళీ ఆకారమే ఉంటుంది. సైటు చిరునామా ఈ కాగితం వెనక పెద్ద అక్షరాలతో రాశాను. ఫోన్లో కొట్టి చూడు. అందరికంటే నీ మాటే నాకు ముఖ్యం.

నీ అమ్మడు


మార్చి 24

నీకు,

చూశాను.

ఎడమ చేతివాటం. నవ్వితే కుడి బుగ్గన సొట్ట. మాట్లాడేటప్పుడు చెవి తమ్మె పట్టుకుంటాడు. ఉత్తుత్తి మనిషి అన్నావు. వద్దని ఒక్క మాట అడిగాను. అది కూడా దక్కలేదు.

వెలిసిపోయిన కాగితం నీకు అందంగా కనిపించింది. ఆ కాగితాలు వెలిసిపోకూడదనే కదా నేను చంకలో కట్ట, చేతిలో జిగురు డబ్బా పెట్టుకుని వీధులన్నీ తిరిగింది. పాతదాని మీద కొత్తది అంటించి, ముఖం మళ్లీ కనిపిస్తే ఆ పూటకు అన్నం సయించేది. నువ్వేమో ఎండ చేసిన పనిని పనిగట్టుకుని చేశావు. పోయినవాళ్ల పటాలకు వేసే రంగు అది. మావాళ్లు పోయారని మీకెవరు చెప్పారు?

పోటీలో గెలువు. నన్ను మాత్రం ఇంకేమీ అడగకు.


ఏప్రిల్ 1

మామయ్యా,

ఎన్నిసార్లు మొదలుపెట్టినా ఈ ఉత్తరం సరిగ్గా రావడంలేదు. వచ్చినట్టే రాస్తాను.

నీ ఉత్తరం చదివాకే ఆ పేజీ మళ్లీ తెరిచాను. ఒట్టు, రాసేటప్పుడు నాకు తెలియదు. మధ్యాహ్నం ఆదరాబాదరాగా ఖాళీలు నింపుతున్నాను. ఒక మనిషి కావాలి, గుర్తులు కావాలి. చెయ్యి దానంతట అది రాసుకుంటూ పోయింది. చెవి తమ్మె దగ్గరైనా నాకు తట్టాల్సింది. చిన్నప్పుడు నా పెన్సిళ్లు తీసుకుని తీసుకోలేదనేటప్పుడు బావ తన చెవి పట్టుకునేవాడు, నేను అలాగే దొంగను పట్టేసేదాన్ని. నాకు రంగు పెన్సిలు పట్టుకోవడం నేర్పింది ఆయనే. అందరూ మమ్మల్ని పెళ్లికొడుకు, పెళ్లికూతురు అని ఏడిపిస్తుంటే ఎడమ చేత్తో మీసాలున్న పెళ్లికూతురి బొమ్మ గీసి నా ముందు పెట్టేవాడు. ఊహించి రాస్తున్నాననుకున్నాను. ఊహ కాదు, ఆయనే వచ్చి కూర్చున్నాడు.

ఆ పేజీ అప్పుడే తీసేశాను. ఆనవాలు కూడా లేకుండా చెరిపేశాను.

రంగు గురించి నువ్వన్నది నిజం. నాకు చాలా రోజుల తర్వాత ఒక ఆలోచన మెరిసింది, ఆ మెరుపు తప్ప ఇంకేం కనిపించలేదు. మళ్లీ మొదటినుంచి చేస్తానని రేపు మేడమ్‌తో చెబుతాను. కోప్పడతారు. పడనీ.

నువ్వు జవాబు రాయకపోయినా పరవాలేదు. మోకాలు జాగ్రత్త.

అమ్మడు


ఏప్రిల్ 22

అమ్మడూ,

ఇన్నాళ్లు రాయకపోవడం కోపంతో కాదు. ఇంట్లో ఒక సంగతి జరిగింది. కుదుటపడి రాద్దామని ఆగాను.

నువ్వు పంపిన సైటు నా ఫోన్లో అలాగే తెరిచి ఉండిపోయిందట. మీ అత్త చూసింది. నాతో అనలేదు. రోజూ నేను బజారుకు వెళ్లగానే ఆ పేజీ తీసి చదువుకునేదట. ఉత్తుత్తి మనిషని ఆవిడకు ఎవరు చెబుతారు? ఎడమ చేయి, బుగ్గ సొట్ట, చెవి. నేనే ధైర్యం చేసి, తనకు చెప్పలేక, నీ ద్వారా వాడి పేజీ పెట్టించాననుకుంది. పేరు, ఫోటో ఇవ్వడానికి చేతులు రాలేదు కాబోలు, మెల్లగా ఇస్తారులే అనుకుందట.

ఆ తర్వాత నువ్వు తీసేశావు. ఆవిడ తెరిస్తే, "మీరు వెతుకుతున్న పేజీ ఇక్కడ లేదు" అని వచ్చింది.

మొదటి పేజీ అడుగున నువ్వే ఒక మాట రాశావు, గుర్తుందా? ఆచూకీ తెలిసిన వెంటనే ఆ మనిషి పేజీ తీసేస్తామని. మీ అత్త ఆ మాట కూడా చదివింది.

నేను కూరల సంచీతో ఇంటికి వచ్చేసరికి వాడి గది కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి. పక్క మీద ఉతికిన దుప్పటి. మీ అత్త తల దువ్వుకుని, బయటికి వెళ్లేటప్పుడు కట్టుకునే చీర కట్టుకుని ముందుగదిలో కూర్చుంది. నా ముఖంలోకే చూస్తోంది.

"ఎప్పుడు చెబుదామని?" అంది.

"ఏం చెప్పాలి?"

"నా దగ్గర దాపరికం ఎందుకండీ. దొరికాడటగా."

సంచీ ఎక్కడ పెట్టానో తెలియదు. కాదని చెప్పాను. నువ్వు రాసిందీ, నేను తిట్టిందీ, నువ్వు తీసేసిందీ, అంతా వరసగా చెప్పాను. ఆవిడ ఏడవలేదు. లేచి వెళ్లి ఆ గది కిటికీలు ఒక్కొక్కటే మూసి వచ్చింది. వచ్చి నా పక్కన కూర్చుని అంది: "వాడు వస్తాడు, వస్తాడు అని మీకోసం అంటూ వచ్చాను. నేనూ ఆశ వదిలేస్తే మీరు మంచం పడతారని."

నేనేమో ఆవిడ తట్టుకోలేదని వాడి మాటే ఎత్తకుండా గడిపాను. ఒకే కప్పు కింద ఉంటూ ఒకరికొకరం ఎంత దూరం నడిచామో చూడు. ఆ రోజు వంట లేదు. చీకటిపడేదాకా వాడి గురించే మాట్లాడుకున్నాం. మధ్యలో ఒకసారి నవ్వాం కూడా.

తప్పు నీది కాదు. తీసెయ్యమన్నట్టు రాసింది నేను. అయితే ఒకటి ఆలోచించు, తల్లీ. ఇంకే ఇంట్లోనూ ఎవరూ అలా దుప్పటి మార్చుకుని కూర్చోకూడదు. పేజీ లేనప్పుడు ఆ చోట ఏముండాలో, అది నీకే తెలియాలి. నాకు తెలియదు.

మామయ్య


మే 6

మామయ్యా,

నీ ఉత్తరం ఆఫీసు మెట్ల మీద కూర్చుని చదివాను. మా కోడ్ రాసే ఆయన కాఫీకి పిలవడానికి వచ్చి, నా ముఖం చూసి, పక్కన కూర్చున్నాడు. తర్వాత ఆయనకంతా చెప్పాను. ముగ్గురు పిల్లల తండ్రి. "ఆ లేని పేజీ సంగతి ముందు చూద్దాం పద" అన్నాడు.

ఇప్పుడు ఏ మనిషి పేజీ తీసేసినా ఆ చోటు ఖాళీగా ఉండదు. సంగతి ఏమిటో మామూలు మాటల్లో ఉంటుంది. ఇంటికి చేరితే చేరారని. కుటుంబం కోరిక మీద తీస్తే, ఆ మాటతో పాటు వెతకడం ఆగలేదని కూడా. కబురు మంచిది కాకపోతే ముందు ఇంట్లోవాళ్లకు మనిషి వెళ్లి చెప్పి వచ్చాకే పేజీలో మార్పు. ఈ నాలుగు వాక్యాలకు పట్టినంత సమయం నా జన్మలో ఏ బొమ్మకూ పట్టలేదు. నమూనాల మీద కూడా అడ్డంగా "ఇది నిజం మనిషి కాదు" అని ఉంటుంది.

ఫోటోలన్నీ నిండు రంగుల్లో ఉన్నాయి. వెనక తెలుపు, అక్షరాలు నలుపు. మేడమ్ చూసి, "గుండెను పట్టేసేలా ఉన్నదాన్ని దరఖాస్తు కాగితం చేశావు" అన్నారు. "దరఖాస్తేనండీ" అన్నాను. పోటీ మాట పోయింది. తర్వాత వచ్చిన పెద్ద పని వేరే ఆవిడకు ఇచ్చారు. నాకు మళ్లీ పరుపులు. బాధ లేదని కోతలు కొయ్యను, ఉంది. కానీ సంస్థ ఆవిడ నా పక్కనే నిలబడింది. మొదటిది చూసి ఏడ్చానమ్మా, రెండోది చూసి పని మొదలుపెట్టాను అంది.

ఈసారి ఏదీ తళుక్కున మెరవలేదు మామయ్యా. బస్సులు తప్పిపోలేదు. వేళకు వెళ్లి, వేళకు తిని, ఒక్కొక్క మాటా కూర్చుని చేశాను. ఇది కూడా నా చేతిపనే అని నమ్మడానికి కొంచెం అలవాటు పడాలి.

సైటు తెరుచుకుంది. ఇరవై దాకా కుటుంబాలు వచ్చాయి. బావ గురించి నేను అడగను. అత్తకు నా నమస్కారాలు. ఆవిడకు వేరే ఉత్తరం రాద్దామని కూర్చున్నాను, "అత్తా" దగ్గరే ఆగిపోయాను.

అమ్మడు


మే 21

అమ్మడూ,

సైటు చూశాం. ఇద్దరం, ఒకే ఫోన్లో, తలలు ఢీకొట్టుకుంటూ.

ఈ కవర్లో వాడి ఫోటో ఉంది. దీనికోసం మూడు పూటలు తగువు. స్టూడియోలో కోటు వేసుకుని తీయించుకున్నది పెడదామని నేను. అందులో వాడు పెళ్లిచూపులకు వచ్చినవాడిలా ఉన్నాడు, ఎవరు గుర్తుపడతారు అని మీ అత్త. చివరికి ఆవిడే గెలిచింది. డాబా మీద బట్టలు ఆరేస్తుంటే ఎవరో పిలిచినట్టు తిరిగి చూస్తున్నాడే, అది. భుజం మీద తడి తువ్వాలు కూడా ఉండనివ్వమంది. వివరాలు మీ అత్త చెప్పింది, నేను రాశాను. నువ్వు రాసినవాటికంటే ఎక్కువే ఉన్నాయి. వాడు పుట్టినప్పటినుంచీ చూసినవాళ్లంలే.

వయసు దగ్గర ఇద్దరం ఆగిపోయాం. వెళ్లినప్పటిది రాస్తే ఇప్పుడు చూసేవాళ్లు కుర్రాడి కోసం వెతుకుతారు. ఇప్పటిది రాస్తే వచ్చే ఏటికి తప్పవుతుంది. ఎవరైనా గుర్తుపెట్టుకుని మారుస్తూ ఉండాలి. పుట్టినరోజు వచ్చినప్పుడల్లా వాడి వయసు దానంతట అదే పెరిగేలా చెయ్యగలవా? మా ప్రమేయం లేకుండా. మేము ఉన్నా, లేకపోయినా.

ఇక ఫోను నంబరు. నాది రాశాను. దాని కింద నీది కూడా వెయ్యమని మీ అత్త అంటోంది. మేమిద్దరం ఎన్నాళ్లు ఫోను ఎత్తుతామో చెప్పలేం కదా. బరువైన పని. వద్దంటే మనసులో పెట్టుకోం. ఒప్పుకుంటే మాత్రం ఒక షరతు. నీకు ఏ ఫోను వచ్చినా మాకు చెప్పాలి. వాడు కాదని తేలినవి కూడా. మమ్మల్ని కాపాడాలని చూడకు. ఆ పని మేమిద్దరం చేసి చూశాం.

మామయ్య

(కింది మాటలు మీ అత్త చెబుతుంటే రాస్తున్నాను: "నాకు ఉత్తరం రాయలేక ఆగిపోయిందటగా. అత్తా అన్నదిగా, చాలు. మిగతాది వచ్చి చెప్పమను.")


జూన్ 18

మామయ్యకూ, అత్తకూ,

నా నంబరు వేశాను. మీ నంబరు కిందే, అదే సైజు అక్షరాలతో.

వయసు సంగతి కోడ్ రాసే ఆయన చూశాడు. ఆయనకది చిన్న పనే, అయినా మూడుసార్లు సరిచూశాడు. మొన్న బావ పుట్టినరోజున పొద్దున్నే తెరిచాను. ముప్పై మూడు అని ఉంది. ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఆ ఒక్క పేజీకే కాదు, అక్కడున్న అందరికీ అలాగే పెరుగుతుంది.

నిన్న మొదటి ఫోను వచ్చింది.

పరుపుల రంగుల గురించి మీటింగు జరుగుతోంది. తెలియని నంబరు. మేడమ్ చూస్తుండగానే లేచి బయటికి వచ్చాను. బట్టల కుట్టుపని కేంద్రం నడిపే ఆవిడ. వాళ్ల దగ్గర కొత్తగా చేరిన మనిషి ఎడమ చేత్తో కత్తెర పడతాడట, నవ్వితే సొట్ట పడుతుందట. అడగాల్సినవి అడిగాను. ఒకసారికి ఒక్కటే. ఆవిడ అతన్ని అడిగే ఫోటో తీసి పంపింది. చాలాసేపు చూశాను. పెద్దది చేసి చూశాను. బావ కాదు. కళ్లు వేరు. అతనికి అమ్మా నాన్నా ఉన్నారట, వారానికోసారి మాట్లాడతాడట.

"అయ్యో, లేనిపోని ఆశ పెట్టానమ్మా" అని ఆవిడ బాధపడింది. "అలా అనకండి. మళ్లీ ఎవరైనా అనిపిస్తే మళ్లీ చెయ్యండి" అన్నాను.

తిరిగి లోపలికి వెళ్లాను. కారణం చెప్పాను. మేడమ్ నా కుర్చీ జరిపి, మీటింగు మొదటినుంచి చెప్పారు.

ఆదివారం వస్తున్నాను, అత్తా. ఆ కుట్టుపని ఆవిడ ఏమేం చెప్పిందో వివరంగా చెబుతాను.

మీ అమ్మడు